కుక్క సంవత్సరమా, కోడి సంవత్సరమా

2019 చలికాలంలో డ్రెస్డెన్‌లోని విదేశీయుల కార్యాలయం నుంచి నాకు పిలుపు వచ్చింది. తెలుగు, జర్మన్ భాషలకు కోర్టులో ప్రమాణం చేసిన దుబాసీగా పనిచేసేవాణ్ణి. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చేవాళ్ళు, ఎమ్మెస్ విద్యార్థులు వెల్లువలా వస్తున్న రోజులవి. నన్ను పిలిచింది దొంగపెళ్ళి విచారణకు. వీసా కోసమే పెళ్ళాడారని అనుమానం వస్తే భార్యాభర్తలను ఒకే సమయంలో వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కలవకపోతే వీసా మీద ఆశ వదులుకోవాల్సిందే. గదిలో పలికిన ప్రతి మాటనూ దుబాసీ అటూ ఇటూ చెప్పాలి. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు.

భర్త ప్రవీణ్, జగిత్యాల వైపు కుర్రాడు. జీగెన్‌లో ఎమ్మెస్ చేశాడు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు ముగియవస్తోంది. భార్య మెయ్‌లిన్ చైనా అమ్మాయి. చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, బ్లూ కార్డు ఉంది, దాంతో భర్తకూ వీసా వస్తుంది. వయసులో అతనికంటే పెద్దది. కాగితాల బాధ తక్కువని డెన్మార్క్ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చారు. వివరాలు వినగానే నాకూ అనుమానమే కలిగింది. మనవాడు కదా అని నమ్మే రకం కాదు నేను. మనవాడైతే ఇంకాస్త ఎక్కువ అనుమానిస్తాను.

వంట ఎవరు చేస్తారు, మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారు లాంటివన్నీ అయ్యాక, నీ భార్య స్వభావం ఎలాంటిదని అధికారిణి అడిగింది.

"తను డ్రాగన్ సంవత్సరంల పుట్టింది మేడం. తన మాటే నెగ్గాలె. కోపమొస్తే ఇల్లు పీకి పందిరేస్తది, గంటకే మర్చిపోతది. అబద్ధమాడితే మాత్రం మాఫ్ చెయ్యది."

చైనా వాళ్ళు ఏడాదికో జంతువు చొప్పున పన్నెండు జంతువులు పెట్టుకున్నారు. పుట్టిన ఏటి జంతువును బట్టి గుణగణాలు, ప్రేమలో పొంతన చెప్పుకుంటారు. నక్షత్రం అడిగితే తెల్లమొహం వేసే వయసు కుర్రాడు డ్రాగన్ గుణాలు గడగడా అప్పజెబుతుంటే ఎవరో బట్టీ పట్టించారనుకున్నాను. అధికారిణికీ అలాగే తోచినట్టుంది, మరి నీది ఏ జంతువు అని అడిగింది. ప్రవీణ్ కాస్త తటపటాయించి, "కుక్క," అన్నాడు.

ఆమె పక్క గదికి వెళ్ళి, అక్కడ మెయ్‌లిన్‌ను ప్రశ్నిస్తున్న సహోద్యోగితో మాట్లాడి వచ్చింది. మెయ్‌లిన్ తన భర్త కోడి అని చెప్పిందట. పొద్దున్నే లేస్తాడు, ఉన్నమాట మొహం మీదే అనేస్తాడు, డ్రాగన్‌కూ కోడికీ చక్కగా కుదురుతుంది, కుక్కతో అయితే అసలు పడదు అందట. అధికారిణి కంప్యూటర్‌లో చూసుకుంది. పాస్‌పోర్టులోని పుట్టిన ఏడాది కుక్కదే. నీ భార్యకు నీ వయసు కూడా తెలియదు అంది.

ప్రవీణ్ నా వైపు తిరిగాడు. "అంకుల్, అసలు సంగతి చెప్తే పాస్‌పోర్టు క్యాన్సల్ చేస్తరా?"

సలహా ఇచ్చే హక్కు నాకు లేదు. ఆ మాట ఉన్నదున్నట్టు జర్మన్‌లో చెప్పేశాను. అతను నన్ను పగవాణ్ణి చూసినట్టు చూశాడు. నాకు బాధ కలిగింది, కానీ నా పని అదే.

ఇక చెప్పక తప్పలేదు. "నేను పుట్టింది అంతకు ముందు సంవత్సరం మేడం, కోడిదే. బడిల ఏసేటప్పుడు సారే ఒక డేట్ రాసిండు. సర్టిఫికెట్లల్ల, పాస్‌పోర్టుల గదే ఉన్నది. ఆఫీసుల ఎవరడిగినా గదే చెప్తం."

అధికారిణి నమ్మలేదు. మీ దేశంలో ఇలాంటి అలవాటు ఉందా అని నన్నే అడిగింది. అధికారి నేరుగా అడిగితే దుబాసీ జవాబివ్వవచ్చు, దాన్ని విడిగా నమోదు చేస్తారు. ఉంది, నాకూ రెండు పుట్టినరోజులున్నాయి, ఆఫీసుకొకటి, మా అమ్మకొకటి అన్నాను. ఆమె నవ్వలేదు. లేచి మళ్ళీ పక్క గదికి వెళ్ళింది.

పాస్‌పోర్టు ప్రకారం మీ ఆయన కుక్క కదా అని అడిగితే మెయ్‌లిన్ ఇచ్చిన జవాబును తెచ్చి చదివింది. ప్రవీణ్‌కు నేనే తెలుగులో చెప్పాను. "పాస్‌పోర్టు చూసి మా అమ్మ ఈ పెళ్ళికి ససేమిరా అంది. ముందు ఏడాదే పుట్టానని అతను చెప్పినా, పెళ్ళి కోసం మాట మారుస్తున్నాడనుకుంది. చివరికి వీడియో కాల్‌లో ప్రవీణ్ వాళ్ళమ్మనే అడిగింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ కొడుక్కి ఎన్నేళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. అప్పుడు మా అమ్మ ఒప్పుకుంది."

వింటూ ప్రవీణ్ తల వంచుకుని ఏడ్చాడు.

కొన్ని వారాలకు వీసా వచ్చింది. పుట్టిన తేదీ విషయంలో పాస్‌పోర్టులో ఉన్నదే చెల్లుతుందని రాసి వదిలేశారట.

అక్షరం పొల్లుపోకుండా కలిసే జవాబులను నేను ఇప్పటికీ నమ్మను. అవి బట్టీ పట్టినా కలుస్తాయి. జవాబులు కలవనప్పుడు మాత్రం అబద్ధమని తేల్చే ముందు ఇంకో ప్రశ్న అడగాలని ఆ రోజు తెలుసుకున్నాను. అడిగే అధికారం దుబాసీకి లేదు. ఆ అధికారిణి కూడా అడగకపోయి ఉంటే, ఇద్దరు తల్లుల ఎదుట నెగ్గిన పెళ్ళి ఆ గదిలో ఓడిపోయేది.