నంబరు లేని ఇళ్ళు

మా ఆయన రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా నేను పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్‌కు నామినేషన్ వేశాను. ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆయన పోటీ చేయకూడదు. నాకు ఆ అడ్డు లేదు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బడిపంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ ఇక్కడే. అయినా ఈ ఊళ్ళో మాకు సొంత గోడ ఒక్కటి లేదు. మిడిల్ పాయింట్‌లో రెండు గదులకు అద్దె ఎంతో విని వచ్చిన రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి వీధిలోకి వెళ్ళేదాన్ని, ఎందుకు వెళ్ళానో గుర్తురాక తిరిగొచ్చేదాన్ని.

మా తెలుగువాళ్ళలో పెద్దాయన ఒకరు, నాన్న దగ్గర చదువుకున్నాయన, నా వెనక నిలబడ్డారు. అద్దెలకు హద్దు, రిటైరైనవాళ్ళకు ఇళ్ళస్థలాలు, ఈ రెండే మాట్లాడమన్నారు. ఇంటింటికీ తిరిగాను. అలా ఒకరోజు లంబాలైన్‌లో ఒక కొండవాలు దిగాను. మట్టిలో చెక్కిన మెట్లు, రేకుల ఇళ్ళు. అడవి కొట్టడానికీ, రోడ్లు వెయ్యడానికీ రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాలవి. నా వయసున్న ఒకామె గిన్నెలు తోముతోంది. చేతులు జోడించాను.

"దీదీ, హమారా నామ్ తో లిస్ట్ మే హై హీ నహీ" అంది.

వాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోనే లేవు. ఇంటికి నంబరు లేదు, అందుకని ఏ కాగితమూ పుట్టలేదు. అయినా పీట వేసి కూర్చోబెట్టి నల్ల టీ ఇచ్చింది. మా క్వార్టర్ల ముందు రోడ్డు వేసినవాళ్ళలో తన భర్త కూడా ఉన్నాడని మాటల్లో చెప్పింది.

పెద్దాయనతో ఈ సంగతి చెప్పాను.

"ఆళ్ళకి ఓట్లే లేవు చెల్లెమ్మా. ఆళ్ళ మాటెత్తితే మన ఓట్లు పోతాయి. మనకి రావాల్సిన స్థలాలు ఆళ్ళకి పంచేస్తావనుకుంటారు."

మొదటి సభకు నేను కాగితం మీద ఆ వాలు గురించి నాలుగు వాక్యాలు రాసుకున్నాను. ముందు వరసలో పెద్దాయన కనిపించారు. ఆ నాలుగూ వదిలేసి చదివాను. చప్పట్లు కొట్టారు. హాలు గుమ్మం దగ్గర ఆ వాలు మీది ఆమె ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో నిలబడి ఉంది. తెలుగు అర్థంకాదు ఆమెకు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత వారంరోజులు నాకు అన్నం సయించలేదు. ఊరికే నడిచేదాన్ని, ఫీనిక్స్ బే రేవు దాకా వెళ్ళి పడవ టిక్కెట్ల వరస చూసి వచ్చేదాన్ని.

ఆఖరి సభలో హిందీలో మాట్లాడాను. వాలు మీది ఇళ్ళతో సహా ప్రతి గుమ్మానికీ నంబరు ఉండాలన్నాను. పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేను ఇంటికొచ్చేసరికే మా ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"మనకి ఇల్లు కావాలనే కదా నిలబడ్డావు?" అన్నారు.

"అవును. ఇప్పుడూ కావాలి" అన్నాను.

ఓడిపోయాను, మూడోస్థానం. పెద్దాయన దారిలో కనబడితే తల తిప్పుకునేవారు. క్వార్టర్ వదిలి లంబాలైన్‌లోనే ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకున్నాం. గెలిచినాయన దగ్గరికి దరఖాస్తులు పట్టుకుని నేనే తిరిగాను. ఏడాదికి కొలతలవాళ్ళు వచ్చి కొన్ని ఇళ్ళకు నంబర్లు వేశారు. ఆమె ఇల్లు వాళ్ళు గీసిన హద్దుగీతకు అవతల పడింది, నంబరు రాలేదు. నాకు మొహం చెల్లలేదు. ఆమె మాత్రం చెయ్యి తుడుచుకుని, ఇంకో కాగితం రాయమంది. మర్నాడు ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్ళాం. సంతకం పెట్టే గుమాస్తా బాబు లేడు, సోమవారం రమ్మన్నారు.