దుప్పి నోట్లో పోసిన నీళ్లు

నిన్న మధురవాడ దగ్గర హైవే మీద ఏదో కారు గుద్దేసిన దుప్పి పడి ఉంది. ఒకావిడ వాటర్ బాటిల్ మూత తీస్తుంటే అటవీశాఖ మనిషి అరిచాడు.

"నోట్లో నీల్లు పొయ్యకండమ్మా! లేవలేనిదానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకెల్లి సచ్చిపోద్ది."



నాకు ఎనిమిదేళ్లప్పుడు, నన్ను బడికి దింపడానికి వెళ్తూ, ఇదే రోడ్డు మీద నాన్న వ్యానుతో ఒక దుప్పిని గుద్దాడు. కాలిన టైర్ల వాసన ఇంకా గుర్తుంది. నాన్న తల పట్టుకుని కూర్చుండిపోయాడు. దుప్పి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంతకు ముందు ఏడాది తాతయ్య అలాగే ఎగశ్వాసతో ఉంటే, అమ్మ ఆయన నోట్లో నీళ్లు పోసింది. ఆయన నెమ్మదించాడు. నీళ్లు పోస్తే ఆయాసం తగ్గుతుందనుకున్నాను. నా బడి సీసాలోని నీళ్లన్నీ దుప్పి నోట్లో పోశాను. కాసేపటికి డొక్కలు ఆగాయి.

"నాన్నా, తగ్గిపోయింది," అన్నాను.

నాన్న నా తల నిమిరాడు. "నీ సేతి నీల్లతో పోయింది. పున్నెం సేసుకున్నావమ్మా."

నేను చేసిన మంచి పని ఏదంటే ఇన్నేళ్లూ అదే తలుచుకునేదాన్ని.

నిన్నటి దుప్పిని గోనెపట్టా మీద మోసుకెళ్లి బండి ఎక్కించారు. తలుపు వేసేదాకా దాని డొక్కలు ఎగురుతూనే ఉన్నాయి.