ఆయమ్మ యాస

స్పానిష్ మెరుగుపరుచుకోవడానికి స్పెయిన్‌లో గడిపిన నాలుగు నెలల గురించి ఎవరైనా అడిగితే తిండి గురించి చెప్తాను, ఎండ గురించి చెప్తాను. కర్నూలు ఎండలో పెరిగినదాన్ని, నన్ను అక్కడి ఎండ ఏం చేస్తుందని నవ్విస్తాను. నేనున్న ఇంటావిడ దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాను.

మాది కర్నూలు పక్కన కల్లూరు. డిగ్రీకి హైదరాబాద్ వెళ్లి స్పానిష్ తీసుకున్నాను. హాస్టల్లో చేరిన మొదటి రోజే మెస్సులో "సాంబారు ఉండాదా?" అని అడిగాను. వడ్డించేవాడితో సహా బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ తర్వాత మూడు నెలల్లో నా నాలుకను నేనే తోమి కడుక్కున్నాను. "ఉండాది" పోయి "ఉంది" వచ్చింది, "యాడ" పోయి "ఎక్కడ" వచ్చింది. బహుశా ఆ తోముడు అలవాటైనందువల్లే స్పానిష్ ఉచ్చారణ నాకు త్వరగా పట్టుబడింది. మూడో ఏడాదిలో క్లాసు మొత్తం మీద స్కాలర్‌షిప్ నాకొచ్చింది. దక్షిణ స్పెయిన్‌లో ఒక చిన్న ఊరు. చదువు అక్కడి భాషా పాఠశాలలో, బస ఆ ఊరి వాళ్ల ఇంట్లో.

ఇంటావిడకు డెబ్బై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. పదకొండేళ్లుగా నాలాంటి విద్యార్థులకు ఒక గది ఇస్తోంది. తొమ్మిదేళ్ల వయసులో బడి మాని ఆలివ్ కాయలు ఏరడానికి వెళ్లిందట, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఒక బడి వంటగదిలో పనిచేసిందట. ఆమె మాట మొదటి వారం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పదాల చివర ఉండాల్సిన "స్" ఉండేది కాదు, మధ్యలో ఉండాల్సిన "ద" ఎక్కడో మింగుడుపడిపోయేది. చేపను పుస్తకంలో "పెస్కాదో" అని నేర్చుకుంటే ఆమె "పెక్కావ్" అనేది. ఆ మాటను తెలుగులో రాయబోతే నాకు మా సీమ మాట తప్ప ఇంకోటి రాదు.

"కూచో పాపా, తిను. గాలొస్తే ఎగిరిపోయేటట్లుండావు," అనేది వంటింట్లోంచే.

క్లాసు అయిపోయి ఇంటికి రాగానే ఆమె పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచేదాన్ని. ఆమె చెప్పుకుంటూ పోయేది. నేను తప్పు పలికితే దిద్దేది కాదు. నేను చెప్పబోయేది అర్థం చేసుకుని, దానికి జవాబిచ్చి, ముందుకు వెళ్లిపోయేది. నాకు నిజంగా మాట్లాడటం వచ్చింది ఆ బల్ల దగ్గరే.

రెండో నెలలో మా టీచరు ఒక పని ఇచ్చింది. ఊరివాళ్లలో ఎవరితోనైనా మాట్లాడి, ఫోన్లో రికార్డు చేసుకుని, రాసి తేవాలి. ఇంటావిడను అడిగితే సిగ్గుపడింది. లేచి వెళ్లి తల దువ్వుకుని వచ్చింది.

"ఫొటో కాదు, మాటలే," అన్నాను.

"మాటలైతే మాత్రం, తల దువ్వుకోకుండా చెప్పేదెట్లా?" అంది.

తను మొదటిసారి సముద్రం చూసిన సంగతి చెప్పింది. "నలభై ఏండ్లొచ్చినాక చూసినా సముద్రాన్ని. చెప్పులిప్పి ఒడ్డున పెట్టి, నీళ్లలో కాలు పెట్టినా. తిరిగి చూస్తే యాడిదో కుక్క, నా చెప్పు నోట కరుచుకోని పరిగెత్తుతాండాది. దాని ఎంట నేను, నా ఎంట మా ఆయన, మా ఆయన ఎంట బస్సు డ్రైవరు. సముద్రం చూసింది రొండు నిమిషాలు పాపా. కుక్కను చూసింది శానాసేపు."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు కూడా రికార్డయింది.

మరుసటి రోజు క్లాసులో టీచరు అది పెట్టింది. మేం పన్నెండు మందిమి, రకరకాల దేశాల వాళ్లం. సగం కాకముందే ఒకతను "ఇది స్పానిషేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరు ఉత్తర స్పెయిన్ మనిషి. ఆమె కూడా కొద్దిగా నవ్వి, "వినడానికి ముచ్చటగా ఉంటుంది, పరీక్షలో ఇలా పలికితే మాత్రం మార్కులు రావు," అంది.

నేను ఊరుకుని ఉండగలిగేదాన్ని. టీచరుకు నాలుగు మాటలు ఎదురు చెప్పగలిగేదాన్ని. కానీ ఆ నవ్వు రికార్డింగ్ దాటి నా మీదికి వస్తుందని భయం వేసింది. ఆ ఇంట్లో ఉంటున్నది నేనే కదా, నాకూ ఆ మాటే అంటుకుందని అనుకుంటారు కదా. లేచి నిలబడి, ఆ కుక్క కథను ఆమె గొంతుతో, ఆమె చేతులు తిప్పే తీరుతో, మింగేసిన ప్రతి అక్షరంతో చెప్పాను. క్లాసు పగలబడి నవ్వింది. టీచరు చప్పట్లు కొట్టింది. హైదరాబాద్ మెస్సులో బల్లకు ఒకవైపు ఉన్నదాన్ని, ఇక్కడ రెండో వైపుకు చేరాను. చాలా సుఖంగా అనిపించింది. ఆ సుఖం గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

ఇంకో నెల గడిచాక, ఒక శనివారం మధ్యాహ్నం పాఠశాలలో చిన్న వేడుక పెట్టారు. మాకు బస ఇచ్చినవాళ్లందర్నీ పిలిచారు. మా తరగతి తరఫున ఆ కుక్క కథే చెప్పమన్నారు నన్ను. వెంటనే ఒప్పుకోలేదు. ఇంటావిడను "వస్తారా?" అని అడిగాను.

"మోకాలు నొస్తాండాది పాపా, అంత దూరం నడవలేను," అంది.

అప్పుడు ఒప్పుకున్నాను. ఆమె రాదని తెలిశాక ఒప్పుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

కానీ ఆమెను పక్కింటాయన కారులో తీసుకొచ్చాడట. నేను కథ మొదలుపెట్టి, నీళ్లలో కాలు పెట్టే చోటికి వచ్చాక, వెనక వరసలో ఆమె కనిపించింది. ఇస్త్రీ చేసిన నీలం గౌను, సెలూన్‌లో చేయించుకున్న జుట్టు. ఆమె నవ్వుతోంది. ఎవరో ముసలావిడ కథ అనుకుని నవ్వుతోంది. కుక్క రాగానే ఆ నవ్వు అలాగే ముఖం మీద నిలబడిపోయింది. నేను ఆపలేదు. ఎలా ఆపాలో తెలియక, గొంతు ఇంకాస్త పెంచి చివరిదాకా చెప్పాను. ఆమె అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఇంట్లో బల్ల మీద కాఫీ పెట్టి నా ఎదురుగా నిలబడింది.

"కాఫీ వేడిగా ఉన్నది. నెమ్మదిగా తాగండి," అంది. వార్తలు చదివేవాళ్లలాగ, ప్రతి పదం చివరా "స్" పలుకుతూ. అలవాటు లేని పలుకు, నోట్లో రాళ్లు పెట్టుకున్నట్టు తడబడుతోంది. అంతవరకు నువ్వు అన్న మనిషి నన్ను మీరు అంది.

"ఊరికే సరదాకి చేశాం," అన్నాను.

"పదకొండేళ్లుగా పిల్లలను ఉంచుకుంటున్నాను. వాళ్లకు తప్పు నేర్పుతున్నానని ఎవరూ చెప్పలేదు," అంది. కోపం లేదు. నిజంగానే నొచ్చుకుంటోంది, నాకేదో నష్టం చేసినట్టు.

మిగిలిన అయిదు వారాలూ అంతే. అన్నం దగ్గర టీవీలో వార్తలు పెట్టేది. "వీరిని వినండి, వీరు బాగా మాట్లాడతారు," అనేది. చిక్కుళ్లు నేను రాకముందే ఒలిచేసేది. క్షమించమని అడగడానికి స్పానిష్‌లో ఎన్ని రకాల క్రియారూపాలున్నాయో అవన్నీ నాకు వచ్చు. గదిలో కూర్చుని మనసులో వాక్యాలు పేర్చుకునేదాన్ని, వంటింటి గుమ్మం దాకా వెళ్లి మంచినీళ్లు అడిగి వచ్చేదాన్ని. బయల్దేరే రోజు ఆమె నా రెండు బుగ్గలు ముద్దు పెట్టుకుని, "మీ ప్రయాణం సుఖంగా సాగాలి," అంది. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

చదువయ్యాక కడపలో నల్లరాయి బండలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో చేరాను. విదేశీ బేరాలన్నీ నేనే మాట్లాడతాను. పోయిన ఏడాది స్పెయిన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి, బండలు చూస్తూ చూస్తూ, "ఇంత శుభ్రమైన స్పానిష్ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు. ఆ ఊరి పేరు చెప్పలేకపోయాను. "హైదరాబాద్‌లో," అన్నాను.

ఆ ఆదివారం కల్లూరు వెళ్లాను. అమ్మ చేటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని, ఎందుకో తెలియదు, మొత్తం చెప్పేశాను. అమ్మ చేయి ఆగలేదు. అంతా విన్నాక, తల ఎత్తకుండానే అడిగింది.

"నన్ను గూడా ఇట్లే ఎక్కిరించినావా, ఆ హాస్టల్లో?"

ఎక్కిరించాను. అమ్మ ఫోన్ పెట్టేశాక, "యాడుండావు మే, తిన్న్యావా?" అని అమ్మ గొంతుతో అని గదిలో వాళ్లను ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు.

అమ్మ నా ముఖం చూసి మళ్లీ చేటలోకి చూసుకుంది. "ఎక్కిరించినావులే. నేనంటే కన్నదాన్ని, యాడికి పోతాను. ఆయమ్మకేం పట్టింది? ఫోన్ చెయ్."

"ఇప్పుడా?"

"ఇంగెప్పుడు చేస్తావు?"

వీడియో కాల్ కలిసింది. ఆమె ఇంకా సన్నబడింది. నేర్చుకున్న వాక్యాలన్నీ మరిచిపోయి, "నన్ను క్షమించండి, ఆ రోజు నేను చేసింది తప్పు," అని మాత్రం అనగలిగాను.

"ఏ రోజు? నాకేమీ గుర్తు లేదు. మీరు చాలా చక్కగా మాట్లాడుతున్నారు," అంది ఆమె, అదే టీవీ గొంతుతో.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అక్కా, బాగుండావా? మోకాలెట్లుండాది? నడుస్తాండావా?" అని తెలుగులోనే అడిగింది, మోకాలు తట్టి చూపిస్తూ.

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఒక్క "స్" కూడా లేకుండా, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. డాక్టరు ఏమన్నాడో, మెట్లు ఎన్నో, పక్కింటాయన ఎలా పోయాడో. అమ్మ "అట్లనా అక్కా, అయ్యో," అంటూ తన నడుము నొప్పి సంగతి చెప్పింది. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు. పావుగంట మాట్లాడుకున్నారు. నన్ను అనువాదం చేయమని ఎవరూ అడగలేదు.

ఫోన్ మళ్లీ నా చేతికొచ్చింది. ఆమె బట్టల మీది దుమ్ము దులుపుకున్నట్టు గొంతు సవరించుకుంది.

"మీ ఉద్యోగం సవ్యంగా సాగుతున్నదా?" అని అడిగింది.

సాగుతోందని చెప్పాను. నెలకోసారి అమ్మకు ఫోన్ కలిపి ఇస్తున్నాను. వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ పక్కన కూర్చుని వింటాను. నాతో మాత్రం ఆమె ఇప్పటికీ మీరు అనే అంటుంది.