మెట్లెక్కని సారు

నాచారంలో మా గల్లీ ఓటర్ల జాబితా చూసే మురహరి సారుకు ఆఫీసులో గొప్ప పేరుంది. మిగతావాళ్లు నెలంతా తిరిగి చేసే ఇంటింటి సర్వేను ఆయన నాలుగు రోజుల్లో ముగిస్తాడు. అందుకు పైఅధికారులు ఒకసారి శాలువా కూడా కప్పారు.

ఆ వేగం ఎక్కడిదో మాకు తెలుసు. సారు మెట్లెక్కడు. గేటు ముందు స్కూటర్ మీద కూర్చునే, "పైన ఎవరన్నా ఉన్నరా?" అని ఒక్క కేక వేస్తాడు. పై అంతస్తుల్లో ఉండేది మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కిరాయివాళ్లు. పగలు డ్యూటీకి పోయి ఉంటారు, లేదా నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉంటారు. జవాబు రాకపోతే సారు "ఇల్లు మారారు" అని రాసుకుని బండి స్టార్ట్ చేస్తాడు.

ఈసారి మా ఒక్క బిల్డింగ్‌లోనే పద్నాలుగు ఓట్లు గల్లంతయ్యాయి. మూడో అంతస్తులో పదకొండేళ్లుగా ఉంటున్న అండాలు పేరు కూడా లేదు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసే ఆమె, జాబితా వచ్చిన మర్నాడు సెలవు పెట్టి మరీ సారును గేటు దగ్గర పట్టుకుంది.

"మోకాళ్ల నొప్పులమ్మా, మెట్లెక్కుడు నాతోని కాదు. మళ్ల కొత్త ఫారం నింపుకో," అన్నాడు సారు, సిగ్గన్నది లేకుండా.

అండాలు ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మొన్న బోనాలకు మా ఇంట్ల మటన్ తిననీకె మూడంతస్తులు ఎక్కినవ్ గద సారూ! అడిగి మరీ రెండుసార్లు ఏయించుకుంటివి. గప్పుడు నీకు అన్నం పెట్టింది ఎవలు?"