రాయి మీద తాతయ్య పళ్లెం

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి విజయవాడలో రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, నా అదృష్టం.

ఈ ప్రయాణం మా అమ్మ కోసం. వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, కమ్యూనిస్టు పార్టీలో పెద్ద నాయకుడు. సొంత పొలం కూలీలకి పంచేశాడు, రెండుసార్లు జైలుకెళ్లాడు, చివరికి హైదరాబాదు పక్క మాదాపూర్ రాళ్లగుట్టల్లో దాక్కుని అక్కడే మాయమైపోయాడు. శవం కూడా దొరకలేదు. ఎనభై దాటినా అమ్మకి ఒకటే బెంగ. "ఆఖరి రోజు అన్నం తిన్నాడో లేదో కనుక్కునిరా. నువ్వు చెప్పేదాకా నేను ముద్ద ముట్టను," అంది. మొండిఘటం, వినదు.

"మా మాదాపూర్‌లో గుట్టలెక్కడున్నాయండీ, అన్నీ ఆఫీసులే కదా," అన్నాడు నా సంగతి విన్న పక్క సీటు సాఫ్ట్‌వేర్ అబ్బాయి.

పన్నెండుంబావుకి లింగంపల్లిలో దిగి, చందానగర్‌లో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లే, నేనైతే వద్దంటాను. మెట్రో కావాలంటే మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. అంత ఓపిక లేక మాదాపూర్‌కి ఆటో మాట్లాడుకున్నాను.

యాదమ్మ ఆ ఊరి పాత మనిషి. తెలిసినవాళ్లు ఫోన్ నంబరిస్తే ముందే మాట్లాడి ఉంచాను. ఆమె ఇల్లిప్పుడు లేడీస్ హాస్టల్. దాని వెనకాల నల్లటి రాయి, చుట్టూ అద్దాల మేడలు.

"మీ తాతకు మా అత్తనే బువ్వ పెట్టేది," అంది యాదమ్మ. "పళ్లెం రాయి మీద పెట్టి ఎనక్కి చూడకుంట రావాలె. చూస్తేనే గదా పోలీసోళ్లకు చెప్పేది. తిన్నంక ఆయన పళ్లెం బోర్లిచ్చి పోతుండె. బోర్లిస్తే క్షేమంగ పోయినట్టు."

"ఆఖరి రోజు?"

"బోర్లియ్యలే బిడ్డా. బువ్వ అట్లనే ఉండె, చీమలు పట్టినయ్. అప్పటిసంది ప్రతి ఐతారం పెడుతనే ఉన్నం. మా అత్త పోయినంక నేను పెడుతున్న. ఎన్నడు బోర్లియ్యలే."

అమ్మకి ఈ మాట ఏ నోటితో చెప్పను?

ఆరోజూ ఆదివారమే కాబట్టి రెండింటికి ఇద్దరం వెళ్లి జొన్నరొట్టె, పప్పు పెట్టిన పళ్లెం రాయి మీద ఉంచాం. సెలవురోజు కదా, ఆఫీసుల్లో నరమానవుడు లేడు. తిరిగొస్తుంటే యాదమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "జర ఎనక్కి చూడకు."

చూడలేదు. కానీ ఎదురుగా ఉన్న అద్దాల గోడలో ఆ రాయి కనిపిస్తోంది. దాని మీద ఎవరో వీపు వంచుకుని కూర్చున్నారు. పంచె, భుజాన కండువా. నేను తల దించుకున్నాను.

పావుగంట హాస్టల్ వంటింట్లో కూర్చున్నాం. టీ ఇచ్చారు. మళ్లీ వెళ్లి చూస్తే పళ్లెం బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. రొట్టె తునక కూడా లేదు, కడిగినట్టు తడిగా ఉంది. కుక్కలు పళ్లెం కడగవు కదా.

యాదమ్మ అక్కడే కూలబడింది. "ఇన్నేండ్లల్ల గిట్ల కాలే. ఇగ వచ్చే ఐతారం పెట్టే పనిలేదు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అయిదుంబావుకి లింగంపల్లిలో తిరుగు రైలెక్కాను. భయమూ ఉంది, సంతోషమూ ఉంది, దాచడమెందుకు. వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ఆ మేడల మధ్య ఎక్కడైనా రాయి మిగిలి ఉంటే దాని మీద కాలు పెట్టకండి. బండి కదిలాక అమ్మకి ఫోన్ చేశాను.

"తిన్నాడమ్మా," అన్నాను.

"పళ్లెం బోర్లించాడా?" అంది.

పళ్లెం సంగతి నేనింకా ఆమెకి చెప్పనేలేదు.

"బోర్లించాడు."

"అయితే నేనిప్పుడు తింటాను," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.