మేడం వీడ్కోలు సభలో మూగబోయిన మైకు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏళ్ళు. ఆ వయసులో మనిషికి తనకు తెలియనిది లోకంలో ఏదైనా ఉండొచ్చన్న అనుమానం సాధారణంగా రాదు. నాకైతే అసలే రాలేదు. నల్గొండలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి (రెండు సబ్జెక్టులు మిగిలే ఉన్నాయి, ఆ సంగతి ఇంట్లో తెలియదు) గడియారం సెంటర్ దగ్గర ఒక మైకుసెట్ల దుకాణంలో పనికి చేరాను. దుకాణం యజమానిని బజారంతా చాచా అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పెళ్ళిళ్ళకూ, ఉర్సులకూ, మీటింగులకూ ముప్పై ఏళ్ళుగా సెట్లు కట్టిన మనిషి. ఏ స్పీకరు బాక్సు ఎందుకు దగ్గుతోందో దూరంగా కూర్చునే చెప్పేవాడు. చదివింది మాత్రం నాలుగో తరగతి. పాపం, థియరీ తెలియదు కదా అని నేను లోలోపల జాలిపడేవాణ్ణి.

ఆ ఏడు చాచా కొత్త మిక్సర్ కొన్నాడు. మైకుల గొంతులన్నీ కలిపి, సరిచేసి ఆంప్లిఫయర్‌కు పంపే పెట్టె అది. దాని వెనక మూడు పిన్నుల సాకెట్టు ఉంది. మా పాత ఆంప్లిఫయర్‌కేమో టేపురికార్డర్ల కాలం నాటి రెండు గుండ్రటి సాకెట్లు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఈ రెంటినీ కలిపే తీగ ఇంకా ఎవరూ కట్టలేదు. సరిగ్గా అప్పుడే కేతేపల్లి దగ్గరున్న మా ఊరి బడి నుంచి కబురొచ్చింది. నాకు లెక్కలు చెప్పిన మేడం రిటైరవుతున్నారు, సభకు మైకు కావాలి. ఆ మధ్యే మేడం గొంతుకు ఆపరేషన్ అయింది. గట్టిగా మాట్లాడొద్దని దవాఖానాలో చెప్పారట. మైకు లేకపోతే ఆవిడ మాట మొదటి వరసకు కూడా చేరదు. అదే రోజు చాచాకు నందికొండలో పెళ్ళి ఉంది.

"పాత మిక్సర్ తీస్కపో బేటా," అన్నాడు చాచా. "కొత్తదాని లెక్క వేరే ఉంటది."

"నా మేడం సభ చాచా. కొత్తదే పెడ్త. తీగ నేనే కడ్త."

"కట్టు. కట్టినంక పాత ఆంప్లిఫయర్ మీదనే పెట్టి సూడు. మర్వకు."

రాత్రంతా థియరీ ఆలోచించి పొద్దున్నే కట్టాను. మూడు పిన్నుల్లో ఒకటి తీగ చుట్టూ ఉండే జాలీది, అంటే ఎర్త్. మిగిలినవి రెండు, మాటను మోసేవి. అవతల సాకెట్లూ రెండే. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఇంత చక్కగా సరిపోయిన లెక్క నా చదువులో అంతకు ముందెప్పుడూ తగల్లేదు. పాత ఆంప్లిఫయర్ అప్పటికే ఆటోలో కట్టేసి ఉండటంతో, దుకాణంలో ఉన్న ఇంకో స్టీరియో ఆంప్లిఫయర్ మీద పెట్టి చూశాను. రెండు బాక్సులూ ఖంగున మోగాయి. దారిలో చాచా ఫోన్ చేసి "పాతదాని మీద సూసినవా?" అంటే "సూసిన చాచా" అన్నాను. ఆటోలో గాలి చల్లగా తగులుతోంది, అబద్ధం కూడా హాయిగానే ఉంది.

బడి ముందు శామియానా నిండింది. గొర్ల మందలను పొద్దున్నే పడుచువాళ్ళకు అప్పగించి ముసలివాళ్ళు కూడా వచ్చారు. సర్పంచ్ గారు లేచి, మైకు పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. మిక్సర్ మీద పచ్చ దీపాలు ఆయన మాటకు తగ్గట్టు ఎగురుతున్నాయి. బాక్సుల్లోంచి మాత్రం ఏమీ లేదు. ముందు వరసలో గొంగడి మీద కూర్చున్న ఒక తాత పక్కాయనతో "మైకు మంచిగనే ఉన్నది, సర్పంచ్‌కే గొంతు పోయినట్టుంది" అన్నాడు. నేను వాల్యూం పెంచాను. గుర్రుమని సన్నటి మోత వచ్చింది. ఇంకా పెంచాను. మోత పెద్దదైంది, మాట మాత్రం రాలేదు. మైకు మార్చాను, దాని తీగ మార్చాను, బాక్సులను తట్టాను (ఎందుకు తట్టానో ఇప్పటికీ తెలియదు). పాత మిక్సర్ దుకాణంలో ఉండిపోయింది. నేరుగా మైకు పెడదామంటే ఆ ఆంప్లిఫయర్‌కు మైకు సాకెట్లు పాడై ఏళ్ళయింది. అరగంట గడిచింది. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. జనం నన్ను చూస్తుంటారని తల ఎత్తలేదు. మేడం మాత్రం పూలదండ వేసుకుని, సర్పంచ్ గారి పక్కనే కుర్చీలో నెమ్మదిగా కూర్చుని ఉన్నారు.

చివరికి చాచాకు ఫోన్ చేశాను. అవతల బ్యాండు మోగుతోంది.

"కొత్త మిక్సర్ ఖరాబున్నది చాచా. మోసం జేసి అమ్మిండ్రు."

"దీపాలు ఎగుర్తున్నయా?"

"ఎగుర్తున్నయి."

"మరి మిక్సర్ మంచిగనే ఉన్నది. తీగ ఎట్ల కట్టినవ్?"

చెప్పాను. బ్యాండు మోత కాస్త దూరమైంది, చాచా పక్కకు నడిచినట్టున్నాడు.

"అరే బేటా, ఆ ఆంప్లిఫయర్ల ఎడమ కుడి ఏడున్నయిరా? లోపల రెండు కల్సి ఒక్కటే. గా కొత్తదాంట్ల ఒక తీగ మీద మాట సీదా పోతది, ఇంకోదాని మీద ఉల్టా పోతది. రెండు ఒక్క జాగల కల్సినయంటే ఒకదాన్నొకటి తినేస్తయి. మల్ల సూసిన అన్నవ్ గద?"

"సూడలే చాచా."

"సరే. ఫికర్ చేయకు. రెండు పిన్నులల్ల ఒకటి పీకెయ్."

"ఏది?"

"ఏదైతేంది. పీకి, దేనికి తగలకుండ టేపు సుట్టు."

పీకాను. అంతే, అరగంట మూగగా ఉన్న బాక్సులకు ఒక్కసారి ప్రాణం వచ్చింది. వాల్యూం పూర్తిగా పెంచి ఉన్న సంగతి నాకు గుర్తు లేదు. మైకు ఇంకా చేతిలో పట్టుకుని హెడ్‌మాస్టర్‌తో గుసగుసలాడుతున్న సర్పంచ్ గారి మాట ఊరి చివరి దాకా వినపడింది: "బువ్వకు ఎంతసేపైతదో జర అడుగుండ్రి." శామియానా అంతా నవ్వింది. పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా భోజనాలకు బయల్దేరారని తర్వాత విన్నాను.

మేడం మైకు అందుకుని ముందు నా వైపే తిరిగారు.

"ఏమైంది బిడ్డా?"

"రెండు తీగల మీద మాట ఒకదానికొకటి ఉల్టా వచ్చింది మేడం. రెండు కల్సి మాటే మాయమైంది."

"అంటే ప్లస్ అయిదు, మైనస్ అయిదు."

"అవును మేడం. సున్నా."

"ఏడో తరగతిల పది అని రాసినవ్," అన్నారు, మైకులోనే.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడారు. ఆపరేషన్ తర్వాత మిగిలిన ఆ సన్నటి గొంతు, ఒక్కొక్కరి చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. మందలు తోలి ఆలస్యంగా వచ్చే పిల్లలకు ముందే హాజరు వేసేదాన్ననీ, వాళ్ళు రాకుండా ఉంటారని ఒక్కరోజు కూడా అనుకోలేదనీ చెప్పారు. గొంగడి తాత రుమాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. పదినిమిషాలే మాట్లాడారు. నేను వాల్యూం మీద వేలు ఆనించి నిలబడ్డాను.

మర్నాడు చాచా తిడతాడనుకున్నాను. ఆయన టీ తెప్పించి, సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చి, "గిప్పుడు సక్కగ కట్టు" అని పక్కన కూర్చున్నాడు. తాను కొత్తలో ఒక పెళ్ళిలో ఆంప్లిఫయర్‌నే కాల్చిన కథ చెప్పాడు. నా అబద్ధం సంగతి ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

ఆ మిక్సర్‌కు ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఉంది. బాక్సులు మూగగా ఉన్నప్పుడు కూడా మైకుకు వినపడిందంతా అందులోకి ఎక్కుతూనే ఉంది. వారం తర్వాత మేడం ప్రసంగం కోసం వెతుకుతుంటే ఆ అరగంట దొరికింది. మిక్సర్‌ను మోసగాళ్ళు అమ్మారని నేను చేసిన ఫిర్యాదు దూరంగా వినిపించింది. అంతకు ముందే హెడ్‌మాస్టర్ గొంతు: "నకిరేకల్ నుంచి వేరే సెట్టు తెప్పిద్దామా మేడం?" వెంటనే ఆవిడ సన్నటి గొంతు: "వద్దు సార్. వేరేది తెప్పిస్తే వాడు మల్ల ఈ పని ముట్టడు. ఎవ్వరు వాని దిక్కు సూడకుండ్రి, సూస్తే ఇంకింత గాబరైతడు. నేను కూసుంట. నాకేం తొందర, రేపటి సంది బడే లేదు."

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. చాచా పొద్దున పూట వచ్చి కూర్చుని బాక్సుల దగ్గు వింటాడు. మేడంకు ఏడాదికోసారి ఫోన్ చేస్తాను, ఆవిడ ముక్తసరిగా మాట్లాడతారు. అప్పుడప్పుడూ ఆ రికార్డింగ్ పెట్టుకుంటాను. అందులో ఒక కుర్రవాడు ఎంతో ధీమాగా మిక్సర్‌ను తిడుతుంటాడు. ఊరంతా తననే చూస్తోందనుకుని తల వంచుకుని చెమటలు కక్కుతున్న వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కసారి తల ఎత్తి ఉంటే తెలిసేది పాపం, అప్పుడు వాణ్ణి ఎవ్వరూ చూడటం లేదు.