చింతగింజల డబ్బా

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది, మనిషిని సూటిగా అడిగితే సూటిగా జవాబు చెబుతాడని. పుస్తకాలు ఎక్కువ చదివి మనుషులతో తక్కువ మాట్లాడేవాళ్లకు ఇలాంటి నమ్మకాలు కొంత ఆలస్యంగా పోతాయి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో, జమ్మలమడుగులో గణాంకాల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరిన మూడో నెలలో నా నమ్మకం పోయింది. మాది ప్రొద్దుటూరు. అప్పటిదాకా గొర్రెను నేను బస్సు కిటికీలోంచే చూశాను.

మా ఆఫీసరుది పులివెందుల. చేరిన రోజే కూర్చోబెట్టి చెప్పాడు. "చూడమ్మా, అంగట్లో అమ్మే సరుక్కు ధర ఉంటాది. దేశం లెక్కలో ఆ ధర వేస్తారు. గవర్నమెంటు ఆసుపత్రిలో గొర్రెకు తాపే మందుకు ధర యాడుంది? అందుకని దానికైన ఖర్చునే ఉత్పత్తి అని రాస్తాండారు. జీతాలే అందులో పెద్ద భాగం."

"అంటే పని చేసినా చెయ్యకున్నా ఒకటేనా సార్?"

"లెక్కలో ఒకటే. నీకూ నాకూ గూడా." (ఈ మాట ఆయన నవ్వకుండా అన్నాడు.)

ఈసారి ప్రయోగంగా, ఖర్చును కాక జరిగిన పనినే కొలవాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆసుపత్రి రిజిస్టరు చూసి ఊరుకోకూడదు, సేవ పొందినవాళ్లను అడగాలి. నాకు ముద్దనూరు వైపు ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రి పడింది. అక్కడ డాక్టరు పోస్టు ఖాళీ. అన్నీ కాంపౌండరే చూసుకునేవాడు. ఊరంతా ఆయన్ను మామ అనేది. ఆ సీజనులో వెయ్యికి పైగా గొర్రెలకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పోయే మందు, తాపినట్టు ఆయన రిజిస్టరులో ఉంది. నేను మధ్యాహ్నం, మందలను పిల్లలు మేతకు తోలుకుపోయిన వేళ, రచ్చబండ దగ్గర పదిమంది కాపరులను కూర్చోబెట్టి ఎన్నింటికి మందు తాపించారని అడిగాను. "మా దగ్గర ఏముండాయి పాపా, ఏదో పది" అన్నాడు మొదటాయన. రెండో ఆయన ఎనిమిదన్నాడు. మూడో ఆయన ఇద్దరి వైపూ చూసి, "ఆయనకంటే రెండు తక్కువ రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. మొత్తం వంద కూడా కాలేదు. రిపోర్టు కింద ఎర్రసిరాతో "రిజిస్టరు నమ్మదగినది కాదు" అని రాసి, అక్షరాలు బాగా కుదరలేదని మళ్లీ ఇంకో కాపీ రాశాను.

పది రోజులకు కాంపౌండరు మామకు పైనుంచి మెమో వచ్చింది, మిగిలిన మందు ఏమైందో చెప్పమని. రిటైరవడానికి ఆయనకు ఇంకా ఎనిమిది నెలలుంది. విచారణ మొదలైతే పెన్షను ఆగిపోతుంది. ఆయనే మా ఆఫీసుకు వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాను. "ఈ లెక్క రాసింది ఎవరు?" అన్నాడు. నేనే అన్నాను. గుమ్మం దాకా వెళ్లి తిరిగాడు. "రేపు పొద్దున ఆరింటికి గొర్రెల దొడ్డి దగ్గరికి రా పాపా. నోరు మాత్రం తెరవాకు."

రిపోర్టు మీద తన సంతకం కూడా ఉంది కాబట్టి ఆఫీసరు కూడా వచ్చాడు. పది గొర్రెలన్నాయన దొడ్డి అది. ముళ్లకంచె ఒక గొర్రె పట్టేంత తెరిచారు. మామ ఒక్కోదాన్ని మోకాళ్ల మధ్య పట్టి, రెండో విడత మందు తాపి, వదిలి, జేబులోంచి ఒక చింతగింజ తీసి డబ్బాలో వేస్తున్నాడు. గొర్రెలు వస్తూనే ఉన్నాయి. నేను నాకు తెలియకుండానే పైకి లెక్కపెడుతున్నానట. "ఎనభై రెండు" దగ్గర కాపరి భార్య పరుగున వచ్చింది. "ఏంది పాపా, పచ్చగుండే మందకు దిష్టి పెడతాండావా?" ఉప్పు, మిరపకాయలు తెచ్చి మందకు దిష్టి తీసింది. ఎందుకైనా మంచిదని తర్వాత నాకూ తీసింది.

ఆసుపత్రి వరండాలో గింజలు బోర్లించి ఆఫీసరూ నేనూ లెక్కపెట్టాం. నూట ముప్పై ఒకటి. రిజిస్టరులో అదే మందకు పాత లెక్క నూట ఇరవై ఎనిమిది.

"పదే అని చెప్పినావు గదప్పా?" అన్నాడు ఆఫీసరు కాపరితో.

"ఉండేవన్నీ చెప్పుకుంటే ఉంటాయా సార్? నీకెన్ని ఎకరాలుండాయో నువ్వు చెప్తావా?"

ఆఫీసరు పెన్ను తీశాడు. రిపోర్టు మార్చాం, మెమో వెనక్కిపోయింది, మామ పెన్షనుతో రిటైరయ్యాడు. ప్రయోగం కూడా అంతటితో ఆగింది. దేశం లెక్కలో మళ్లీ ఆయన జీతమే ఆయన పని. ఆయన వెళ్లాక కాంపౌండరు పోస్టు కూడా రెండేళ్లు ఖాళీగా ఉంది. జీతం లేదు కనుక, లెక్క ప్రకారం ఆ పల్లెకు అందే సేవ సున్నా. (ఆ రెండేళ్లు మాత్రం లెక్క సరిగ్గానే ఉంది.)

మామ ఈ ఏడాది పోయాడు. పండక్కో పబ్బానికో ఫోను చేసుకుంటూ ఉండేవాళ్లం, అందుకని నాకు కబురు వచ్చింది. వెళ్లాను. మందలను ఆడవాళ్లకు అప్పగించి, చుట్టుపక్కల పల్లెల కాపరులంతా వచ్చారు. దారి పొడుగునా భుజాల మీద కంబళ్లే. రిటైరై పులివెందులలో ఉంటున్న మా ఆఫీసరు మోకాళ్ల నొప్పులతో రాలేక ఫోను చేశాడు.

"ఎంతమంది వచ్చినారమ్మా?"

అలవాటు పోదు. అప్పటికే మనసులో రెండు వందలు దాటించాను.

"ఏదో, ఒక పదిమంది ఉంటారు సార్" అన్నాను.



"సరే అమ్మా. అంతే రాసుకో."